సౌష్ఠవం లెక్క వాల్తేరుది

అనకాపల్లి చుట్టుపక్కల బట్టీల్లో పొయ్యి మీంచి దించిన చెరకు పాకం కాసేపటికి గట్టిపడి బెల్లం దిమ్మవుతుంది. పదార్థం అదే, అమరిక మారింది. అయస్కాంతంలో దశ మార్పూ అమరిక కథే. వేడిలో తలోదిక్కూ చూసే ఎలక్ట్రాన్ స్పిన్‌లు, అంటే సూక్ష్మ అయస్కాంతాల్లాంటివి, ఒక ఉష్ణోగ్రత కిందికి రాగానే ఒక వరసలోకి వస్తాయి. లోహాలే అక్కర్లేదు, అణువులతో కూర్చిన స్ఫటికాల్లోనూ ఇది జరుగుతుంది. 1980లలో అమెరికాలో జోయెల్ మిల్లర్, ఆర్థర్ ఎప్‌స్టీన్ బృందం పరిశీలించిన స్ఫటికంలో ఇనుమున్న అణువు, టీసీఎన్‌ఈ అనే సేంద్రియ అణువు ఒకదాని పక్కన ఒకటిగా గొలుసు కట్టాయి. అది 4.8 కెల్విన్ దగ్గర అయస్కాంతమైంది. అయితే ఈ చరిత్రను అక్కడే మొదలుపెడితే సగమే చెప్పినట్టు. ఇలాంటి మార్పును చదివే గణితానికి మన తీరంలో పాత చిరునామా ఉంది.

అనకాపల్లికి పొరుగునే ఉన్న వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం, గణితజ్ఞుడు టి. వెంకటరాయుడు కలిసి స్ఫటికంలో ఏ కంపనాలు సాధ్యమో సౌష్ఠవాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతిని 1939లో ప్రకటించారు. ఇలా సౌష్ఠవాన్ని లెక్కించే గణితమే గ్రూప్ థియరీ. దాని మీద వారు రాసిన పుస్తకాన్ని 1948లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. అయస్కాంతాలకు ఈ లెక్క ఎందుకంటే, కాలాన్ని వెనక్కి తిప్పినట్టు ఊహిస్తే స్పిన్ తిరగబడుతుంది. ఆ తిరగబాటునూ కలిపితే, సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాలకున్న 32 తరగతులు 122 అవుతాయి. అయస్కాంత దశ మార్పులో స్ఫటికం సాధారణంగా ఒక తరగతి నుంచి మరో తరగతికి దిగుతుంది. 1964లో భగవంతం, పి.వి. పంతులు ఈ అయస్కాంత సౌష్ఠవం మీదే పరిశోధించారు.

గ్రూప్ థియరీని భౌతికశాస్త్రానికి అన్వయించిన తొలివారిలో విగ్నర్ ఉన్నాడు, అయస్కాంత తరగతులకు షుబ్నికోవ్ పేరుంది, ఇందులో మనదేముందని అడగవచ్చు. పునాది బయటివాళ్లదే, దాన్ని ప్రయోగశాలలో వాడుకునే లెక్కగా మలచడంలో వాల్తేరుకు వాటా ఉంది. ఇంకో అభ్యంతరం బలమైనది: మార్పు ఏ ఉష్ణోగ్రత దగ్గర వస్తుందో సౌష్ఠవం చెప్పదు. నిజమే, అది స్పిన్‌ల మధ్య బంధం బలాన్ని బట్టి ఉంటుంది. 1991లో వచ్చిన వెనేడియం–టీసీఎన్‌ఈ పదార్థం గది ఉష్ణోగ్రతలోనూ అయస్కాంతమే, కానీ అది క్రమమైన స్ఫటికం కాదు. అక్కడ ఈ లెక్క సాగదు. స్ఫటికాల్లో మాత్రం ఏది సాధ్యం, ఏది అసాధ్యం అని తేల్చేది సౌష్ఠవమే. వాల్తేరు అణువులతో కూర్చిన అయస్కాంతాన్ని తయారుచేయలేదు, దాన్ని చదివే లెక్కకు చేయి వేసింది. ఆ లెక్క ఇద్దరిదీ, అందుకే దాని విషయంలో భగవంతం పేరు చెప్పే ప్రతిచోటా వెంకటరాయుడి పేరూ చెప్పాలి.