తిమింగలానికి చీలమండ

దశావతారాల వరస మనకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. మత్స్యం, కూర్మం, వరాహం అంటూ నీటి నుంచి నేల మీదికి సాగే ఆ క్రమంలో జీవపరిణామం పోలికలు చూసి ముచ్చటపడేవారు మనలో చాలామంది ఉన్నారు. అయితే ప్రాణులన్నీ ఆ దిశలోనే సాగలేదు. నేల మీద నడిచి, మళ్ళీ నీటిలోకి వెళ్ళిపోయిన జంతువు ఒకటుంది. అదే తిమింగలం. ఆ సంగతి తేల్చడంలో మన ఫార్మింగ్టన్ హిల్స్‌కు అరగంట దూరంలోని యాన్ ఆర్బర్‌కు పెద్ద వాటా ఉంది. భారతదేశపు రాళ్ళకూ ఉంది.

తిమింగలం చేప కాదు. గాలి పీలుస్తుంది, పిల్లల్ని కని పాలిస్తుంది. కాబట్టి దాని పూర్వీకులు నేల మీది జంతువులే అయి ఉండాలి. నోరు తెరుచుకుని ఈదుతూ పురుగుల్ని పట్టే ఎలుగుబంటి వంటిది కాలక్రమాన తిమింగలమంత ప్రాణిగా మారడం అసాధ్యం కాదని డార్విన్ 1859లో రాస్తే నలుగురూ నవ్వారు. తర్వాతి ముద్రణలో ఆయన ఆ మాట కుదించేశారు. చూపించడానికి అప్పట్లో శిలాజం లేదు మరి.

1981లో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫిలిప్ గింగరిచ్, డొనాల్డ్ రస్సెల్‌తో కలిసి పాకిస్తాన్‌లో దొరికిన ఒక పుర్రె గురించి ప్రకటించారు. సుమారు 5 కోట్ల ఏళ్ళ నాటి ఆ జంతువుకు పాకిసెటస్ అని పేరు పెట్టారు. దాని చెవి ఎముక తిమింగలానిదే. 1990లో ఆయన బృందమే ఈజిప్టు ఎడారిలోని బాసిలోసారస్ అనే తిమింగలానికి మోకాలు, పాదం, వేళ్ళతో సహా చిన్న వెనక కాళ్ళున్నాయని చూపింది.

ఇంతకీ తిమింగలం ఏ జంతువుల సంతతి? తోడేలును పోలిన, గిట్టలున్న మాంసాహారులవని గింగరిచ్ అభిప్రాయం. కాదు, హిప్పోకు దగ్గరి చుట్టమని 1990లలో డిఎన్ఏ పరిశోధకులు అన్నారు. ఎముకల పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

తగవు తీర్చింది చీలమండ. మేక, జింక, పంది, హిప్పో వంటి జంతువుల చీలమండలో ఒక ఎముక పైనా కిందా బావి గిలకలా గాడి పడి ఉంటుంది. తక్కిన జంతువుల్లో అలా ఉండదు. 2001 సెప్టెంబరులో గింగరిచ్ బృందం బలూచిస్తాన్ తిమింగలాల శిలాజాల్లో సరిగ్గా ఆ ఎముకనే చూపింది. ఏళ్ళ తరబడి సమర్థించిన అభిప్రాయాన్ని ఆయనే పక్కన పెట్టారు. అదే నెలలో హాన్స్ థెవిసెన్ బృందం పాకిసెటస్ కాళ్ళ ఎముకలు ప్రకటించి అదే మాట చెప్పింది. థెవిసెన్ కూడా మిషిగన్‌లోనే డాక్టరేటు చేసినవారు.

తర్వాతి మలుపు భారతదేశానిది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు గారు శిలాజాలు సేకరించి, 1971లో ఒక చిన్న జంతువుకు ఇండోహ్యస్ అని పేరు పెట్టారు. భారతదేశపు పంది అని అర్థం. ఆయన తెచ్చిన రాళ్ళలో చాలా భాగం పగలగొట్టకుండానే ఇంట్లో ఉండిపోయాయి. ఆయన మరణించాక భార్య ఆ రాళ్ళను థెవిసెన్‌కు అప్పగించారు. శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె అనుకోకుండా విరిగి, లోపల తిమింగలాల్లో కనిపించే మందపాటి చెవి ఎముక బయటపడింది. 2007లో ఆ సంగతి ప్రకటించారు. పిల్లి కన్నా కాస్త పెద్దదైన, నీటిలో దిగి తిరిగే ఆ గిట్టల జంతువు తిమింగలాలకు అతి దగ్గరి బంధువుగా తేలింది.

పరిణామం "కేవలం ఒక సిద్ధాంతమే" కదా అని మన పిల్లలు బడిలో విని వచ్చి అడిగితే, వాదన పెట్టుకోకుండా ఒక శనివారం యాన్ ఆర్బర్ తీసుకువెళ్ళండి. 2019లో కొత్త భవనంలో తెరిచిన విశ్వవిద్యాలయ మ్యూజియంలో బాసిలోసారస్ అస్థిపంజరం పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటుంది. తల నుంచి తోక వైపు నెమ్మదిగా చూసుకుంటూ వెళ్ళి, ఆ చిన్న వెనక కాళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళనే కనుక్కోమనండి.