ఏడీసీ చిప్ ఎంపిక

సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్‌ను అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్, పొట్టిగా ఏడీసీ అంటారు. కొనేటప్పుడు చాలామంది చూపు ముందు బిట్ల మీద పడుతుంది: 10, 12, 16, 24. నిజానికి బిట్ల లెక్క చివర తేల్చుకోవాల్సినది. సిగ్నల్ ఎంత చిన్నది, ఎంత వేగంగా మారుతుంది, దేనితో పోల్చి కొలుస్తున్నాం అన్నవే ముందు తేలాలి.

కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటానే తీసుకుందాం. అందులో బరువును వోల్టేజీగా మార్చే లోడ్‌సెల్ 10 కిలోలది, వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చేది అయితే, 5 వోల్టుల సరఫరా మీద నిండు బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులే. అంటే గ్రాముకు ఒక మైక్రోవోల్టు. 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొట్టే 10 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, పది కిలోలూ రెండు మెట్లలో అయిపోతాయి. అదే సిగ్నల్‌ను ముందు 128 రెట్లు పెంచితే గ్రాముకు 128 మైక్రోవోల్టులు వస్తాయి. 16 బిట్ల చిప్ మెట్టు 76 మైక్రోవోల్టులే కనుక, నాయిస్ అదుపులో ఉంటే గ్రాము తేడా దానికి అందుతుంది. ఇక్కడ బరువంతా మోసింది యాంప్లిఫయరే. కాటాల్లో విరివిగా వాడే హెచ్‌ఎక్స్711 పేరుకు 24 బిట్లదైనా, దాని అసలు బలం లోపలే ఉన్న ఆ 128 రెట్ల యాంప్లిఫయర్. పైగా లోడ్‌సెల్‌కు ఇచ్చే వోల్టేజీయే ఆ చిప్‌కు రిఫరెన్స్, అంటే పోల్చి కొలిచే వోల్టేజీ, కూడా కాబట్టి, సరఫరా కాస్త అటూ ఇటూ అయినా తూకం చెదరదు.

24 బిట్ల చిప్ చవగ్గా దొరుకుతుంటే అన్నిటికీ అదే పెడితే సరిపోదా? సరిపోదు. హెచ్‌ఎక్స్711 సెకనుకు 10 లేదా 80 రీడింగులే ఇస్తుంది. కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ నాయిస్‌ను అది అణచగలిగేది ఆ నెమ్మది వల్లే. మోటారు కంపనాలు కొలవబోతే ఆ నెమ్మదే అడ్డం. సిగ్నల్‌లోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా వేగంగా శాంపిళ్లు తీయాలి గనుక, అక్కడ 5 వోల్టుల మీద సెకనుకు 2 లక్షల శాంపిళ్లు తీసే 10 బిట్ల ఎంసీపీ3008 లాంటిది నయం.

రీడింగులను సగటు తీస్తే నాయిస్ పోతుందనే వాదనలో సగమే నిజం. 4 రీడింగుల సగటుతో యాదృచ్ఛిక నాయిస్ సగానికి తగ్గుతుంది. వేడికి రిఫరెన్స్ జరిగితే మాత్రం ఎన్ని రీడింగులు కలిపినా తప్పు తప్పుగానే ఉంటుంది. డిగ్రీకి పది లక్షల్లో 10 వంతులు జరిగే రిఫరెన్స్, 30 డిగ్రీల మార్పుకు 16 బిట్ల నిండు కొలతను దాదాపు 20 మెట్లు తప్పిస్తుంది. సరఫరానే రిఫరెన్స్‌గా వాడుకునే లోడ్‌సెల్ వెసులుబాటు, వేడిని బట్టి వోల్టేజీని తానే పుట్టించే థర్మోకపుల్ సెన్సర్‌కు లేదు. అక్కడ అదనపు బిట్ల మీద పెట్టే డబ్బు మంచి రిఫరెన్స్ మీద పెట్టడమే లాభం.