ఆటలో కూడా షావుకారే

స్కాలర్‌షిప్ అంటే మనకు ఫీజు, మెస్ బిల్లు. 2021లో ఫిలిప్పీన్స్‌లో దానికి ఇంకో అర్థం ఉండేది. యాక్సీ ఇన్ఫినిటీ ఆట మొదలెట్టాలంటే అప్పట్లో ముందు మూడు యాక్సీ బొమ్మలు కొనాల్సి వచ్చేది. కరోనాలో పనులు పోయిన పేదలకు డబ్బున్నోళ్ళు వాటిని అరువిచ్చి, ఆడి గెలిచిన ఎస్‌ఎల్‌పీ టోకెన్లలో వాటా తీసుకున్నారు. ఆ అరువు పేరే స్కాలర్‌షిప్.

ఆ టోకెన్లు ముఖ్యంగా కొత్త యాక్సీలను పుట్టించడానికే ఖర్చయ్యేవి. అంటే కొత్తవాళ్ళు చేరుతుంటేనే గిరాకీ. చేరేవాళ్ళు తగ్గారు, టోకెన్లు గుట్టలు పడ్డాయి. 2021 జులైలో 30 సెంట్లు దాటిన ఎస్‌ఎల్‌పీ 2022 మధ్యకి ఒక్క సెంటు కూడా పలకలేదు.

షావుకారి ఎద్దులతో పాలికి దున్నిన తాతల మనవలం మనం. మా హాస్టల్‌కీ ఇలాంటి లింకులు వస్తున్నాయి. నొక్కే ముందు మేం అడిగేది ఒక్కటే: ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తది?