ఒక్క అంకె తిరగబడితే

ఈ ఏడాది మ్యాగజైన్‌కు చరిత్ర వ్యాసం రాయమంటే మా తరగతిలో చాలామంది కోటలు, రాజులు తీసుకున్నారు. నేను పాత కంప్యూటర్ పత్రికల గురించి రాస్తానన్నాను. "రాయి, కాని పత్రికను కళ్లతో చూసి రాయి" అన్నారు మా సోషల్ టీచర్. హోసూరులో నలభై ఏళ్ల నాటి అమెరికా పత్రిక ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో 1975 సెప్టెంబరులో 'బైట్' పత్రిక మొదలైంది. 1976 జనవరిలో 'డాక్టర్ డాబ్స్ జర్నల్' వచ్చింది. అప్పుడు ఇళ్లలో ఇంటర్నెట్ లేదు. అందుకని ఇట్లాంటి పత్రికల్లో ప్రోగ్రామునే అచ్చు వేసేవాళ్లు. పత్రికను పక్కన పెట్టుకొని ఒక్కొక్క వరుసా మనమే టైపు చేసుకోవాలి. ఒక్క అంకె తప్పినా ప్రోగ్రాము నడవకపోవచ్చు. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి ఇంకో సాయంత్రం పడుతుంది.

బడి ల్యాబ్‌లో వెతికితే ఏదో ఒక సైటులో పెద్ద పచ్చ బటన్ కనిపించింది. నొక్కేశాను. పత్రిక అయితే ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని ఉండాలి, దానికి ఈఎక్స్‌ఈ అని ఉంది. అంటే అది చదివే ఫైలు కాదు, నడిచే ప్రోగ్రాము. నేను అది చూసుకోకుండా తెరిచాను. తెరంతా ప్రకటనలు వచ్చి కంప్యూటర్ బిగుసుకుపోయింది. సార్ దాన్ని మొత్తం తుడిచేయాల్సి వచ్చింది. అందులో పదో తరగతి అక్కావాళ్ల వర్షపాతం ప్రాజెక్టు ఉండేది, అదీ పోయింది. వాళ్లు నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

వాళ్ల నోట్సు చూసి రెండు సాయంత్రాలు కూర్చొని నేనే మళ్లీ టైపు చేశాను. చివర కూడితే మొత్తం 27 ఎక్కువ వచ్చింది. ఇంట్లో చెబితే, కిరాణా కొట్టు లెక్కలు రాసే మా నాయన, "తేడా తొమ్మిదితో తెగిందంటే అంకెలు తిరగబడి ఉంటాయి, చూడరా" అన్నాడు. చూస్తే 58 ని 85 అని కొట్టాను!

తర్వాత సార్ పక్కన కూర్చొని ఇంటర్నెట్ ఆర్కైవ్ చూపించారు. 1996లో బ్రూస్టర్ కేల్ మొదలుపెట్టిన సంస్థ అది, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంది. అక్కడ 'కంప్యూట్స్ గెజిట్' 1983 అక్టోబరు సంచిక దొరికింది. ఈసారి ముందు సైటు చిరునామా, తర్వాత ఫైలు పేరు చివర చూసి పీడీఎఫ్ మాత్రమే దించాను. ప్రతి ఫైలుకూ అక్కడ ఎండీ5 అనే గుర్తు ఇస్తారు, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి 32. దిగిన ఫైలుకు మన కంప్యూటర్‌లో కూడా ఆ గుర్తు తీసి పోల్చాలి. రెండూ ఒకటైతే ఫైలు చెడకుండా దిగినట్లు. అంతేగాని అందులో వైరస్ లేదని కాదు, అందుకే స్కాన్ కూడా చేశాం.

ఆ సంచిక తెరిస్తే నాకు నవ్వొచ్చింది. అందులో ఉన్నదీ ఇదే సంగతి! 'ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్' అనే చిన్న ప్రోగ్రాము మొదటిసారి అచ్చయింది ఆ సంచికలోనే. మనం ఒక వరుస టైపు చేయగానే అది అందులోని అక్షరాల విలువలన్నీ కూడి తెర మీద ఒక సంఖ్య చూపిస్తుంది. పత్రికలో ఆ వరుస పక్కన అచ్చయిన సంఖ్యతో అది సరిపోవాలి. కాని ఉత్త కూడికకు వరుసక్రమం తెలియదు. 'తల' అని రాసినా 'లత' అని రాసినా అక్షరాలు అవే కాబట్టి మొత్తం ఒకటే. నా 58, 85 కూడా దానికి చిక్కేవి కావు. 1986 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త ప్రూఫ్‌రీడర్ అక్షరం ఎన్నో స్థానంలో ఉందో కూడా లెక్కలోకి తీసుకొని ఈ లోపం సరిచేసింది. మా నాయన తొమ్మిది లెక్క వాళ్లకు తెలుసో లేదో!

ఆ సంచిక ఇప్పుడు మా ల్యాబ్‌లో నాలుగో కంప్యూటర్‌లో ఉంది. దాని 32 అక్షరాల గుర్తును కాగితం మీద రాసి తెర పక్కన అతికించాను. రాసేటప్పుడు ఒకసారి తప్పు పోయింది, అక్క చూసి దిద్దింది.