కొండవీడు: నీటి అండతో నిలిచిన కోట

ఫిరంగిపురానికి దక్షిణాన, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న కొండల వరుస మీద కొండవీటి కోట శిథిలాలు కనిపిస్తాయి. ఆ కోట చరిత్ర అనగానే రాజుల పేర్లూ యుద్ధాలూ చెప్పుకుంటాం. అంత ఎత్తున ఒక రాజధాని బతకడానికి ఆధారమైన నీటి ఏర్పాటుకు కూడా ఆ చరిత్రలో సమానమైన చోటు దక్కాలి.

1323లో ఓరుగల్లు పతనమయ్యాక తీరాంధ్రలో రెడ్లు స్వతంత్రులయ్యారు. రాజ్యస్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా పాలించాడు. శ్రీశైలం, అహోబిలం కొండలకు మెట్లు కట్టించినవాడు ఆయనే. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. మైదానంలోని అద్దంకి కంటే శత్రువు గుర్రాలు ఎక్కలేని కొండ క్షేమమని తలచి ఉంటాడు. అలాగని కొండెక్కి తలుపులు మూసుకు కూర్చోలేదు. 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, దేశాంతర వర్తకులకు రక్షణ, సుంకాల్లో రాయితీలు ప్రకటించాడు. కొండమీది కోటకు సంపద సముద్రం మీది నుంచి వచ్చేది.

కొండల శిఖరాలను కలుపుతూ సాగే రాతి గోడలు, నడుమ బురుజులు, లోపల కొట్ల గోడలు, ఆలయాలు, ఒక మసీదు నేటికీ కనిపిస్తాయి. వీటన్నిటికీ ప్రాణం పోసినవి ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. గుట్టల మీద కురిసిన వాన లోయలోకి జారిపోకుండా, పల్లానికి అడ్డంగా కట్ట వేసి ఆపారు. కోటను ముట్టడించినవాడు దారులు మూయగలడు గానీ, లోపలివాళ్ల వాన నీటిని ఆపలేడు. కొండమీద నిలవడమంటే ముందు నీటిని నిలపడమేనని ఆ నిర్మాతలకు బాగా తెలుసు.

ఆ శ్రద్ధ కొండ దిగువకూ పాకింది. పెదకోమటి వేమారెడ్డి (1402–1420) రాణి సూరాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించింది. దాని సంగతి చెప్పే ఫిరంగిపురం శాసనాన్ని రచించినవాడు ఆస్థాన విద్యాధికారి శ్రీనాథుడు. ఒక చెరువు కోసం మహాకవి చేత శాసనం రాయించారంటే, ఆ పనికి వాళ్లు ఇచ్చిన విలువ అర్థమవుతుంది.

తర్వాతి రాజు రాచ వేమారెడ్డితో, 1424 ప్రాంతంలో, కొండవీటి రెడ్ల పాలన ముగిసింది. పురిటి సుంకం వేసి ప్రజల ఉసురు పోసుకున్నాడని ఆయన గురించి జనం చెప్పుకుంటారు. కొన్నేళ్లకు కోట ఒడిశా గజపతుల వశమైంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి దాన్ని గెలుచుకున్నాడు. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ అయ్యాడు. రాయల మంత్రి సాళువ తిమ్మరుసు మేనల్లుళ్లు నాదెండ్ల అప్ప, గోప మంత్రులు ఇక్కడి పాలన చూశారు. మాదయగారి మల్లన తన రాజశేఖర చరిత్రను అప్పమంత్రికే అంకితమిచ్చాడు. అంటే రాజధాని హోదా పోయినా కొండవీటికి కవులతో బంధం తెగలేదు.

1579–80 ప్రాంతంలో గోల్కొండ కుతుబ్ షాహీల సైన్యం కోటను పట్టుకోగా, ఈ సీమకు ముర్తజానగరమనే పేరు వచ్చింది. ఆ తర్వాత ఫిరంగుల కాలం ముదిరి, అధికారం కొండల మీంచి మైదానాలకు, రేవులకు దిగివచ్చింది. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, పాలనకు ఈ ఎత్తుతో పని లేకపోయింది. పనిలేని కోటను చెట్లు, తుప్పలు ఆక్రమించాయి.

ఇప్పుడు ఘాట్ రోడ్డు పడి కొండెక్కడం తేలికైంది. వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ గోడల మీద, కట్టల మీద శ్రద్ధ పెరగాలి. బురుజులకు మరమ్మతు చేసి చెరువులను పూడిపోనిస్తే సగం కోటనే కాపాడుకున్నట్టు. ఆ కట్టలకూ చారిత్రక కట్టడాలతో సమానమైన రక్షణ కల్పించాలి. అక్కడికి వెళ్లే ప్రతి ఒక్కరూ రాళ్ల మీద పేర్లు చెక్కకుండా, నీళ్లలో చెత్త వేయకుండా దిగిరావాలి.