రావు బాలసరస్వతీదేవి

రావు బాలసరస్వతీదేవి (1928–2025) తెలుగువారి లలిత సంగీతమునకు గ్రామఫోను, రేడియోల మూలమున ఇంటింట పీఠము వేసిన గాయనీమణి. తెలుగు చలనచిత్రములలో తొలి నేపథ్యగాయనిగా ప్రసిద్ధురాలు.

ఆరేండ్ల ప్రాయముననే ఈమె పాట హెచ్.ఎం.వి. రికార్డుగా వెలువడినది. ఆలత్తూరు సుబ్బయ్య వద్ద కర్ణాటక సంగీతమును, వసంత దేశాయి వద్ద హిందుస్థానీ సంగీతమును అభ్యసించెను. 1936లో సి. పుల్లయ్య కలకత్తాలో బాలబాలికలచేతనే నటింపజేసి తీసిన ‘సతీ అనసూయ’లో గంగ వేషము ధరించెను. తమిళమున కె. సుబ్రహ్మణ్యం తీసిన ‘భక్త కుచేల’ (1936), ‘బాలయోగిని’ (1937) చిత్రములలోను నటించుటచే, పదేండ్లయినను నిండకమునుపే రెండు భాషల ప్రేక్షకులకు పరిచితురాలయ్యెను.

1940లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వమున వెలువడిన ‘ఇల్లాలు’ చిత్రమునకు సంగీతము కూర్చిన సాలూరి రాజేశ్వరరావు అందు ఈమెతో కూడ నటించి పాడెను. ఆయనయు ‘శ్రీకృష్ణలీలలు’ (1935)లో బాలకృష్ణుడుగా పేరొందినవాడే. బాల్యముననే వేషము కట్టిన ఈ యిరువురి యుగళగీతములు చిత్రములతో నిమిత్తము లేకయే రికార్డులుగా వచ్చి, ఆంధ్రదేశమున విశేష ప్రచారము పొందినవి. అంతకుముందు రంగస్థలమున కడపటి వరుసలోని శ్రోతకు వినబడుటకై పద్యమును తారస్థాయిలో సాగదీసి పాడుటయే గొప్పగా నుండెడిది. మైక్రోఫోను వచ్చిన పిమ్మట మంద్రముగా, మాట మాటకును భావము తొణకునట్లు పాడుట సాధ్యమయ్యెను. ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములే మ్రోగెడి, నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డునకు ఆలాపన విస్తరము కంటె భావసాంద్రతయే తగియుండెను. ఈ క్రొత్త యంత్రములకు ఎట్టి గళము కావలెనో అట్టి మృదుమధుర గళము బాలసరస్వతిది. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు రేడియో కేంద్రము ఆ గళమును, సినిమాకొట్టాయి ఎరుగని గృహిణుల చెంతకును చేర్చెను. తరువాతి కాలమున ‘పాప్’ గాయకులకు దక్కిన జనాదరము వంటిది ఆనాడే, ఇరువదియేండ్లు నిండని ఈ బాలికకు దక్కినది. అది ఆర్భాటముతో గాక కేవలము స్వరమార్దవముతో దక్కుట ప్రశంసనీయము.

నటులే తమ పాటలు పాడుకొనుచుండిన ఆ దినములలో, పి. పుల్లయ్య దర్శకత్వమున వెలువడిన ‘భాగ్యలక్ష్మి’ (1943)లో నటి కమలా కోట్నీసుకు ఈమె గళమిచ్చెను. సంగీతము భీమవరపు నరసింహారావుది. ముఖమొకరిది, గళమొకరిదియైన ఈ పద్ధతియే పిమ్మట చిత్రసీమకు రివాజయ్యెను.

1944లో కోలంక సంస్థానాధీశుని వివాహమాడిన పిదప నటన క్రమముగ వెనుకబడి, గానమే ప్రధానమయ్యెను. ‘దేవదాసు’ (1953)లో సి.ఆర్. సుబ్బరామన్ సంగీతమున చంద్రముఖి పాత్రకు పాడినవి, అందును ముఖ్యముగా క్షేత్రయ్య పదము, శృంగారమును సంయమముతో పలికించుటకు ఉత్తమోదాహరణములు.

అటుపిమ్మటి దశాబ్దములలో చిత్రగానము విరళమయ్యెను. విజయనిర్మల తీసిన ‘సంఘం చెక్కిన శిల్పాలు’లో చాలకాలమునకు మరల ఒక పాట పాడెను. 2025 అక్టోబరు 15న హైదరాబాదులో కన్నుమూసెను.