ముథోని లికిమాని: నైరోబీ వైపు నుంచి పౌర సంబంధాల చరిత్ర

మన జర్నలిజం శాఖల్లో పౌర సంబంధాల చరిత్రను బోధించే తీరు మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. పాఠం అమెరికన్ ప్రచార నిపుణుడు ఐవీ లీతో మొదలై, ఎడ్వర్డ్ బెర్నేస్ మీదుగా సాగి, అమెరికన్ ఆచార్యులు గ్రూనిగ్, హంట్‌ల నాలుగు నమూనాల దగ్గర ఆగిపోతుంది. ఆఫ్రికా ప్రస్తావన వచ్చినా, 1971లో కెన్యాలో వృత్తి సంఘం ఏర్పడిందనీ, 1975లో నైరోబీలో ఖండస్థాయి సమాఖ్య పుట్టిందనీ చెప్పి ముగిస్తారు. సంఘాల పుట్టిన తేదీలు వృత్తి చరిత్ర కావు. ఆ పనిని చేతులతో, గొంతుతో చేసినవారి జీవితాల్లో ఆ చరిత్రను వెతకాలి. అలా వెతికితే మొదట ఎదురయ్యే పేర్లలో ముథోని గచంజా లికిమాని పేరు ఒకటి.

కెన్యా సాహిత్య విమర్శకులకు ఆమె రచయిత్రి. 1974లో వెలువడిన ‘దే షల్ బి చాస్టైజ్డ్’, ‘వాట్ డజ్ ఎ మ్యాన్ వాంట్?’ గురించి, 1985 నాటి ‘పాస్‌బుక్ నంబర్ ఎఫ్. 47927’ గురించి వారు శ్రద్ధగా రాశారు. ఆమె రేడియోలో పనిచేసిన సంగతీ, నోనీస్ పబ్లిసిటీ అనే ప్రచార సంస్థను సొంతంగా నడిపిన సంగతీ మాత్రం పరిచయ వాక్యం దాటి ముందుకు రావు. నా వాదన దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. ప్రచార వృత్తే ఆమె జీవితానికి వెన్నెముక, పుస్తకాలు ఆ వృత్తి వేసిన కొమ్మలు.

ఈ వాదనకు అడ్డుగా నిలిచేది గ్రూనిగ్, హంట్‌లు 1984లో ‘మేనేజింగ్ పబ్లిక్ రిలేషన్స్’లో కట్టిన మెట్ల వరుస. బార్నమ్ ఆర్భాటపు ప్రచారం మొదటి మెట్టు. లీ సమాచార వితరణ రెండోది. బెర్నేస్ ఒప్పింపు మూడోది. ఇరుపక్షాలూ సమానంగా మాట్లాడుకునే సంభాషణ నాలుగోది, అది 1960, 70లలో మాత్రమే రూపు దిద్దుకుందట. మెట్లన్నీ అమెరికాలోనే ఉన్నాయి, వాటి మీద నిలబడినవారూ అమెరికావారే. ఈ లెక్క ప్రకారం వలస దేశపు ప్రజలు ఎప్పటికీ శ్రోతలే. వారి నోటి నుంచి వచ్చిన మాటకు ఏ మెట్టు మీదా చోటు లేదు. నాలుగు నమూనాలూ ఒకే కాలంలో పక్కపక్కన ఉండవచ్చని ఆ రచయితలు ఒప్పుకున్నమాట నిజమే. అయినా చరిత్రను మెట్లుగా చెప్పడం వారు మానలేదు, మన పాఠాల్లోకి దిగినవీ ఆ మెట్లే.

ఇప్పుడు కెన్యా చూద్దాం. బ్రిటిష్ వలస పాలనపై లేచిన మౌ మౌ తిరుగుబాటును అణచడానికి 1952 అక్టోబర్ 20న గవర్నర్ ఈవ్‌లిన్ బేరింగ్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. అడవిలో యుద్ధం ఒకటైతే, పత్రికల్లో సాగిన యుద్ధం మరొకటి. 1954లో లండన్‌లో హచిన్‌సన్ సంస్థ ‘ద మౌ మౌ ఇన్ కెన్యా’ అనే ఛాయాచిత్రాల పుస్తకం వేసింది. దానికి ముందుమాట రాసిన గ్రాన్‌విల్ రాబర్ట్స్ కెన్యా ప్రభుత్వ ప్రచార బాధ్యతల్లో ఉన్నవాడు. శవాల ఫోటోలు చూపించి తిరుగుబాటును అనాగరికత అని ముద్ర వేయడమే ఆ పుస్తకం పని. యుద్ధం ముగిసేసరికి చనిపోయిన తెల్ల పౌరులు 32 మంది. అధికారిక లెక్కల్లోనే తిరుగుబాటుదారులు పదకొండు వేల మందికి పైగా చనిపోయారు. వెయ్యి మందికి పైగా ఉరికంబం ఎక్కారు. ఇంత వ్యత్యాసం ఉన్నా ప్రపంచం చాలాకాలం ఆ 32 మంది గురించే మాట్లాడింది. ప్రచారానికి ఉన్న బలం ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

లికిమాని ఈ కాలపు మనిషి. మురాంగా ప్రాంతంలోని కహుహియా మిషన్‌లో, ఆంగ్లికన్ పాస్టర్ లెవీ గచంజా ఇంట పుట్టి పెరిగారు. వందలమంది ఎదుట మాట్లాడి ఒప్పించడం ఆ ఇంట్లో రోజువారీ పని. ఆమె టీచరుగా శిక్షణ పొందారు, డాక్టర్ జేసన్ లికిమానిని పెళ్లాడారు, వాయిస్ ఆఫ్ కెన్యాలో మహిళల, పిల్లల కార్యక్రమాలు రూపొందించారు. చదువురాని ఆడవాళ్లకు రేడియోలో చెప్పాలంటే ముందు వాళ్ల మాట వినాలి. ఏ గంటకు పొలం నుంచి ఇంటికొస్తారు, ఏ మాటకు ముఖం చిట్లిస్తారు, ఏ సామెతకు నవ్వుతారు అన్నది తెలియాలి. నాలుగో మెట్టు అని అమెరికన్ ఆచార్యులు పేరు పెట్టిన పని ఇదే.

‘పాస్‌బుక్’ను ఈ దృష్టితో మళ్లీ చదవాలి. అత్యవసర పరిస్థితి కాలంలో కికుయు, ఎంబు, మేరు జనం పాస్‌బుక్ అనే అనుమతి పత్రం లేకుండా కదలడానికి వీల్లేదు. 1954 ఏప్రిల్ 24న ‘ఆపరేషన్ యాన్విల్’ పేరిట నైరోబీని చుట్టుముట్టి వేలమంది మగవాళ్లను నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆ తర్వాత పది లక్షలమందికి పైగా జనాన్ని పాత ఇళ్ల నుంచి లేపి, కంచె వేసిన ఊళ్లలోకి తోలారు. మగవాళ్లు లేని ఆ ఊళ్లలో కందకాలు తవ్వినది, బరువులు మోసినది, రాత్రిపూట దొంగచాటుగా అడవికి తిండి పంపినది ఆడవాళ్లు. లికిమాని వాళ్ల అనుభవాలను కథలుగా అల్లారు. కందకం తవ్వుతూ ఆడవాళ్లు ఒకరితో ఒకరు అనుకునే మాటలు, గార్డు వినకుండా వేసుకునే ఎత్తులు, సోదాల వేళ గుమ్మంలో నిలబడిన తల్లుల భయం అందులో ఉన్నాయి. ప్రభుత్వం ఒక ఆడమనిషికి పేరు తీసేసి అంకె ఇచ్చింది. లికిమాని ఆ అంకెనే పుస్తకానికి పేరుగా పెట్టారు. అధికారం జారీ చేసిన కాగితాన్ని దాని మీదికే సాక్ష్యంగా తిప్పడం ప్రచార వృత్తి తెలిసిన మనిషికే తట్టే ఆలోచన. రాబర్ట్స్ ముందుమాటకు ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత వచ్చిన జవాబుగా నేను ఈ పుస్తకాన్ని చదువుతున్నాను.

మరుసటి ఏడాదే, 1986లో, హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. ఒకరి గురించి మరొకరికి తెలిసి చేసిన పనులు కావివి. అయినా రెండు చోట్లా ఒకే అవసరం పుస్తకం వేయించింది.

‘పాస్‌బుక్’ కల్పన అనీ, ప్రచార సంస్థ అన్నాక క్లయింట్ల అవసరాలు ఉంటాయనీ అనేవారుంటారు. బెర్నేస్‌కు క్లయింట్లు లేరా?

1979లో, కెన్యా స్వాతంత్ర్యానికి పదిహేనేళ్లు నిండిన సందర్భంగా లికిమాని ‘విమెన్ ఆఫ్ కెన్యా’ తెచ్చారు. వివిధ రంగాల్లో పనిచేస్తున్న స్త్రీలను పరిచయం చేసిన పుస్తకమది. 1985 జూలైలో ఐక్యరాజ్యసమితి మూడో ప్రపంచ మహిళా మహాసభ నైరోబీలో జరిగింది. ఆ ఏడాదే మహిళా దశాబ్దం మీద ఆమె పుస్తకం నోనీస్ పబ్లిసిటీ పేరుతో వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి ప్రతినిధులు వచ్చిన వేళకు కెన్యా స్త్రీల గురించి కెన్యా స్త్రీయే రాసి, తన సంస్థ నుంచే ప్రచురించిన పుస్తకం సిద్ధంగా ఉంది. సందర్భం, పాఠకులు, సందేశం ఇంత చక్కగా కలిసిన ప్రచారం అరుదు.

ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. 1922 మార్చిలో, వలస పాలనను ఎదిరించి అరెస్టైన నాయకుడు హ్యారీ థుకు విడుదల కోసం నైరోబీ పోలీస్ స్టేషన్ ముందు గుమిగూడిన జనంలో మగవాళ్లు వెనకడుగు వేస్తుంటే, మేరీ న్యాంజిరు ముందుకొచ్చి వాళ్లను సవాలు చేసింది, తుపాకీ గుండుకు బలైంది. గుంపును ఒక్క మాటతో కదిలించిన ఆ స్త్రీ నుంచి లికిమాని వరకు ఒకే తీగ సాగుతుంది. కెన్యాలో ప్రజలతో మాట్లాడే వృత్తికి ఆద్యుల్లో స్త్రీలూ ఉన్నారని ఈ ఆధారాలు చెబుతున్నాయి. నాలుగో మెట్టు పుట్టిన చోటు అమెరికా ఒక్కటే కాదు.

పాఠ్యప్రణాళిక సంఘాల సభ్యులకు నా విజ్ఞప్తి ఇది. 2005లో నోనీస్ పబ్లిసిటీయే ప్రచురించిన లికిమాని ఆత్మకథ ‘ఫైటింగ్ వితౌట్ సీసింగ్’ను, దానితోపాటు ‘పాస్‌బుక్’ను పౌర సంబంధాల మొదటి సెమిస్టర్‌లోనే చేర్చండి. విద్యార్థులు గ్రూనిగ్, హంట్‌లను ఆ తర్వాత చదువుకోవచ్చు.